కరెంటు పోతే యాడ నిలుస్తుంది: రొళ్ల డైరీ

2024 అక్టోబర్ 20, ఆదివారం

మేము కడుతున్న సీఎన్‌సీ యంత్రం, కంప్యూటరు చెప్పినట్టు చెక్క చెక్కేది, ఒళ్లు ఒక కొలిక్కి వచ్చింది. అల్యూమినియం చట్రం, 5 మిల్లీమీటర్ల పిచ్ బాల్ స్క్రూలు, స్టెప్పర్ మోటార్లు, చెక్క చెక్కడానికి ఒక చిన్న రూటర్. నాయన వడ్రంగం చేసే కొట్టంలోనే, చిత్రిక బల్ల పక్కన పెట్టాం. ఇక దీన్ని నడిపే సాఫ్ట్‌వేరు ఎంచుకోవాలి. మోటారు నచ్చకపోతే రెండు బోల్టులు విప్పి మార్చుకోవచ్చు. సాఫ్ట్‌వేరు అట్ల కాదు. ఒకసారి దానికి అలవాటు పడితే వైరింగు, కంప్యూటరు, ఫైళ్లు, చేతి అలవాట్లు అన్నీ దాన్ని పట్టుకునే పోతాయి. అందుకే తొందరపడటం లేదు.

నాయన చట్రమంతా తడిమి చూసి, మూలమట్టం పెట్టి చూసి, ఒకటే అడిగాడు: "పని నడిమధ్యలో కరెంటు పోతే ఇది యాడ నిలుస్తుందిరా? మళ్లా వస్తే యాడ మొదలుపెడుతుంది?"

పత్రికల్లో, వీడియోల్లో ఎంతమంది ఎన్ని సాఫ్ట్‌వేర్లను పోల్చి చెప్పినా ఈ ప్రశ్న మొదట అడిగినవాళ్లు నాకు కనబడలేదు. పని మధ్యలో కరెంటు పోయే రొళ్లలో మాత్రం మొదట అడగాల్సింది ఇదే.

అక్టోబర్ 24

బడిలో పాఠాలు చెప్పి వచ్చాక లెక్క వేసుకున్నా. మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు (స్టెప్పులు). డ్రైవర్ ఒక్కో అడుగును ఎనిమిది ముక్కలు చేస్తుంది. అంటే చుట్టుకు 1600 పల్సులు. ఆ చుట్టుకు స్క్రూ 5 మిల్లీమీటర్లు జరుపుతుంది కాబట్టి మిల్లీమీటరుకు 320. నిమిషానికి 3000 మిల్లీమీటర్ల వేగంతో పోవాలంటే సెకనుకు 16 వేల పల్సులు పంపాలి. అదీ ఒక్కటి కూడా ముందూ వెనకా కాకుండా. పల్సుల మధ్య ఎడం చెడితే మోటారు మూలుగుతుంది, ఇంకా చెడితే అడుగులు జారిపోతాయి. జారిపోయిన సంగతి దానికి తెలియదు. వెనక్కి కబురు చెప్పే ఎన్‌కోడర్ ఇందులో లేదు.

మామూలు కంప్యూటరుకు ఈ క్రమశిక్షణ రాదు. మౌస్ కదిలినా, అప్‌డేట్ వచ్చినా మనసు అటు పోతుంది. ఈ చిక్కును ఒక్కో సాఫ్ట్‌వేరు ఒక్కో దారిలో విప్పింది. మాక్ త్రీ విండోస్ అడుగున దూరి పారలల్ పోర్టును తన చేతిలోకి తీసుకుంటుంది. లైనక్స్‌సీఎన్‌సీ ఏకంగా కెర్నల్‌నే వేళ తప్పనిదిగా మార్చుకుంటుంది. గ్రబల్ ఆ పనిని కంప్యూటరు నుంచే తప్పించి ఒక చిన్న చిప్పుకు అప్పగిస్తుంది. ఈ మూడింట్లో ఏదో తేల్చుకోవాలి.

నవంబర్ 1

దీపావళికి బావ వచ్చాడు. బెంగళూరు పీణ్యలో వీఎంసీ అనే పెద్ద మిల్లింగ్ యంత్రం మీద పని, దాన్ని నడిపే ఫానక్ కంట్రోలర్ మీద చెయ్యి తిరిగినవాడు. మడకశిర, రొళ్ల, అగళి నుంచి పీణ్యకు పోయిన పిల్లలు ఎంతమందో. ఈ యంత్రాలకు ఆజ్ఞలు రాసే జీకోడ్ చదవగలవాళ్లు మా మండలంలో తక్కువేం లేరు, పండగలకే కనబడతారు.

"ఫానక్ నీకెందుకు గానీ, మాక్ త్రీ వేసుకో బామ్మర్దీ. స్క్రీను చూస్తే పెద్ద మిషను మాదిరే ఉంటాది" అన్నాడు.

మాక్ త్రీని చిన్న చూపు చూడకూడదు. ఆర్ట్ ఫెనర్టీ అనే ఆయన రాసింది. ఫ్యాక్టరీల్లో తప్ప దొరకని సంగతిని ఇంటి షెడ్డులోకి, పాత పీసీ మీదికి తెచ్చిన సాఫ్ట్‌వేరు అది. మన దగ్గర చెక్క తలుపుల మీద దేవుళ్లను చెక్కే రూటర్ దుకాణాల్లో ఈ రోజుకీ ఆ బూడిద రంగు స్క్రీనే కనబడుతుంది. అయితే దాని పారలల్ పోర్టు డ్రైవరు 32 బిట్ విండోస్ మీదే పనిచేస్తుంది. అంటే పాత పీసీని, పాత విండోస్‌ను బతికించుకుంటూ పోవాలి. మదర్‌బోర్డు పోతే అదే వయసు బోర్డు కోసం బెంగళూరు ఎస్‌పీ రోడ్డంతా తిరగాలి.

ఇంకో మాట. లైసెన్సు లేకుండా అయిదు వందల లైన్ల దాకానే నడుస్తుంది. ఒక పువ్వు చెక్కాలంటే అవి ఏ మూలకీ చాలవు. "దొంగ కాపీ ఇస్తారులే" అని సలహా ఇచ్చేవాళ్లు చాలామందే. నేను అది వాడను. ఒకాయన ఏళ్ల తరబడి రాసి, దాని మీద బతికాడు. నాయన చేసిన తలుపును డబ్బులివ్వకుండా ఎత్తుకుపోతే ఎట్ల ఉంటుందో నాకు తెలుసు.

నవంబర్ 3, ఆదివారం

పాత డెస్క్‌టాప్‌కు లైనక్స్‌సీఎన్‌సీ ఎక్కించా. ముందు లేటెన్సీ పరీక్ష. అది నడుస్తుండగా కంప్యూటరును కావాలనే సతాయించాలి: కిటికీలు తెరవడం, మూయడం, వీడియో ఆడించడం, పెద్ద ఫైలు కాపీ చేయడం. గరిష్ఠ జిట్టర్ (వేళలో వచ్చే తేడా) 15 నుంచి 20 వేల నానోసెకన్ల లోపుంటే నిశ్చింతగా పల్సులు పంపుకోవచ్చని వాళ్ల పుస్తకం చెబుతుంది. లక్ష దాటితే ఆ పెట్టె ఈ పనికి పనికిరాదు. ఇది 14 వేల చిల్లర దగ్గర ఆగింది. తీసిపారేద్దామని అటక మీద పెట్టిన పెట్టె!

దీని పుట్టుక అమెరికా ప్రభుత్వపు ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో, 1990లలో. అప్పట్లో పేరు ఈఎంసీ. 2011లో లైనక్స్‌సీఎన్‌సీ అయింది. ప్రజల డబ్బుతో రాసింది కాబట్టి ప్రజలకే వదిలేశారు. అయిదు ఇరుసుల మిల్లింగ్ యంత్రాన్నైనా, రోబో చేతినైనా నడపగలదు. లోపల వైరింగంతా అక్షరాల్లో రాసుకునే ఏర్పాటు ఉంది: ఈ స్విచ్చు ఆ గేటుకు, ఆ గేటు ఈ మోటారుకు. ఒక మేధావి దగ్గర కూర్చుని చదువుకున్నట్టు ఉంటుంది. లేత్ కట్టుకునే రోజు వస్తే నేను దీని దగ్గరికే వస్తాను.

కానీ పెట్టె, మానిటరు, ఫ్యాను అన్నీ కలిసి ఇన్వర్టర్‌ను తినేస్తాయి. కొట్టంలో రంపపు పొట్టు. పైగా పారలల్ పోర్టు ఉన్న పెట్టె ఇంకొకటి నా దగ్గర లేదు.

నవంబర్ 10, ఆదివారం

ధర్మవరం పోయాను. చెల్లెలి పెళ్లికి పట్టుచీరల పని. బేరాలు అమ్మకు వదిలి నేను మగ్గం దగ్గర కూర్చుండిపోయాను.

గుంట మగ్గం. పైన జకార్డు పెట్టె. దాని నుంచి వేలాడే అట్టల దండ, ఒకదానికొకటి దారంతో కుట్టినవి. నేతగాడు కాలితో తొక్కగానే ఒక అట్ట వచ్చి సూదుల ముందు నిలబడుతుంది. రంధ్రం ఉన్నచోట సూది దూరుతుంది, దాని హుక్కు లేస్తుంది, ఆ పడుగు పోగులు పైకి వస్తాయి. రంధ్రం లేనిచోట హుక్కు కిందే ఉండిపోతుంది. నాడె అటు నుంచి ఇటు ఒకసారి పోతుంది. మళ్లా తొక్కితే తర్వాతి అట్ట. ఒక పేక పోగుకు ఒక అట్ట. కొంగు మీది నెమలి ఎన్ని పోగుల ఎత్తుంటే అన్ని అట్టలు.

ఇది జీకోడే. వరస తప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి చదివి, రాసి ఉన్నదే చేసే యంత్రం. ఫ్రాన్సులో జకార్డు ఈ పద్ధతిని నిలబెట్టింది 1804 ప్రాంతంలో. 1952లో అమెరికాలో ఎంఐటీ వాళ్లు మొదటి న్యూమరికల్ కంట్రోల్ మిల్లింగ్ యంత్రాన్ని చూపించినప్పుడు దానికి ఆజ్ఞలు అందింది కూడా రంధ్రాలు కొట్టిన టేపు మీదే. సీఎన్‌సీ అంటే ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీ సంగతని మా బడి పిల్లలు అనుకుంటారు. మన జిల్లాలోనే తరతరాలుగా నడుస్తోందని వాళ్లకు చెప్పాలి, తీసుకొచ్చి చూపించాలి.

నేతాయన నా కంటే నాయనకు వయసులో దగ్గర. ఎలక్ట్రానిక్ జకార్డు గురించి అడిగా. తెలుసట, వేరే చోట చూశాడట. అట్టలు అక్కర్లేదు, డిజైను పెన్‌డ్రైవ్‌లో వస్తుంది, మార్చడం చిటికెలో పని. మంచిదేనన్నాడు. ఆ తర్వాత దండలోంచి ఒక అట్టను వేళ్లతో విడదీసి చూపించాడు. అంచు చిరిగి, వేరే అట్ట ముక్క అంటించి, రంధ్రాలు మళ్లీ కొట్టినది.

"తప్పు యాడొచ్చిందో చీర మీద కనబడతాది సార్. అట్ట పట్టుకుంటా, అతికిస్తా, మళ్లా కూసుంటా. ఆ డబ్బాలో తప్పొస్తే నేను మగ్గం ఆపి మెకానిక్కు కోసం చూస్తా కూసోవాల."

యంత్రం ఆగిన పూట ఆయనకు కూలి లేదు. ఆ మాట వెనక ఉన్న లెక్క అది. కొత్తదంటే భయం ఆయన ముఖంలో ఎక్కడా కనబడలేదు. బస్సులో వస్తూ నా మూడు సాఫ్ట్‌వేర్లనూ మళ్లీ పక్కపక్కన పెట్టుకున్నా. ఏది ఎక్కువ చేస్తుంది అని కాదు, ఏది చెడితే రొళ్లలోనే బాగుచేసుకోగలం అని.

నవంబర్ 21

ఫ్రీక్యాడ్ 1.0 వచ్చింది. 2002లో మొదలైనది, ఇరవై రెండేళ్లకు తన మీద తాను ఒకటి అంకె వేసుకుంది. రాత్రి ఫోను డేటాతో దించుకున్నా. డ్రాయింగు నుంచి కోత దారి తీసే పనికి దీన్నే వాడతా. ఉచితంగా ఇచ్చే పేరున్న ప్యాకేజీ ఒకటి 2020లో షరతులు మార్చి, ఇంటి వాడకందార్లకు వేగపు కదలికలను తీసేసింది. గాలిలో పోయేటప్పుడు కూడా కోత వేగంతోనే పోవాలి. పైగా అప్పుడప్పుడూ ఇంటర్నెట్‌కు వచ్చి హాజరు వేయించుకోవాలి. సిగ్నల్ కోసం మిద్దె ఎక్కే ఊళ్లో అది కుదరదు.

నవంబర్ 24, ఆదివారం

గ్రబల్. నార్వే ఆయన సిమెన్ స్వాలే స్కాగ్స్‌రూడ్ 2009లో మొదలుపెట్టాడు. తర్వాత ఏళ్ల తరబడి దాన్ని సాకి పెంచింది సన్నీ జియాన్. ఆర్డునో ఊనో అనే అరచేతి బోర్డు మీద నడుస్తుంది. దాని చిప్పు 16 మెగాహెర్ట్‌జ్. ప్రోగ్రాముకు 32 కిలోబైట్లు, పని చేసుకోవడానికి 2 కిలోబైట్ల మెమరీ. ఫోనులో ఒక గుడ్ మార్నింగ్ బొమ్మ దీనికంటే పెద్దది. అంత ఇరుకులో పదహారు కదలికల దాకా ముందు చూసుకుని, మూల వస్తోందంటే వేగం తగ్గించి, మూల దాటాక పెంచుతుంది. సెకనుకు 30 వేల పల్సులు పంపగలదు. నా 320 లెక్కన నిమిషానికి 5625 మిల్లీమీటర్లు. వేప చెక్కకు నేను వాడేది 800. కావలసినదానికి ఎన్నో రెట్లు.

దీని సెట్టింగులన్నీ డాలర్ గుర్తు పెట్టిన అంకెలు. $100 అంటే ఎక్స్ ఇరుసుకు మిల్లీమీటరుకు ఎన్ని పల్సులు. $110 గరిష్ఠ వేగం. $120 ఎంత తొందరగా వేగం అందుకోవాలి. $22 హోమింగ్, అంటే స్విచ్చులు తాకి యంత్రం తన సొంత మూలను వెతుక్కోవడం, ఉందా లేదా. రెండు డాలర్ గుర్తులు కొడితే మొత్తం జాబితా బయటికి వస్తుంది, ఒక కాగితానికి సరిపోతుంది. ఆ కాగితం దగ్గరుంటే బోర్డు కాలిపోయినా ఇంకో బోర్డుకు అవే అంకెలు ఎక్కించి పని నడుపుకోవచ్చు. బోర్డంతా మార్చాల్సిన పని కూడా లేదు. ఊనోలో కాళ్ల చిప్పు సాకెట్‌లో కూర్చునే రకం దొరుకుతుంది. స్క్రూడ్రైవర్‌తో లేపి, గ్రబల్ ఎక్కించిన కొత్తది గుచ్చడమే. ధర్మవరం ఆయన అతికించిన అట్ట గుర్తొచ్చింది.

మూడు ఇరుసులకు మించి అడగకూడదు, గ్రాఫులు, రంగుల స్క్రీన్లు అడగకూడదు. అవి కావాలంటే ఇంకో తరం ఉంది, ఈఎస్‌పీ32 బోర్డు మీద నడిచే ఫ్లూయిడ్‌ఎన్‌సీ. తానే వైఫై ఇస్తుంది, ఎస్‌డీ కార్డు నుంచి ఫైలు చదువుకుంటుంది, ఫోనులో బటన్లు కనబడతాయి. దాని మీదా మనసుంది. ఇప్పటికి గ్రబలే. పంపే పనికి ల్యాప్‌టాప్‌లో యూనివర్సల్ జీకోడ్ సెండర్.

డిసెంబర్ 1, ఆదివారం

రూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ అలారం 1. అంటే ఇరుసు చివర ఉండే ఏదో లిమిట్ స్విచ్చు నొక్కుకుందని యంత్రం అనుకుంటోంది. ఎవరూ నొక్కలేదు. రూటర్ బ్రష్షుల రొద వైర్లలోకి పాకుతోంది. స్విచ్చు వైర్లను కవచమున్న కేబుల్‌కు మార్చి, ఆ కవచాన్ని ఒక్క చివరే ఎర్త్‌కు కలిపి, పిన్నుల దగ్గర చిన్న కెపాసిటర్లు పెట్టాను. తగ్గింది గానీ పోలేదు.

అసలు లోపం ఎర్త్ గుంతలో ఉంది. మా నేల రాయి, ఎండాకాలం నుంచి తడి లేదు. నాయన, నేను గుంత తవ్వి బొగ్గు, ఉప్పు వేసి బిందెలతో నీళ్లు పోశాం. అలారం పోయింది. ఏ సాఫ్ట్‌వేరు మంచిదని గంటలు వాదించేవాళ్లకు ఈ మాట చెప్పాలనిపిస్తుంది: ముందు ఎర్త్ చూడండి.

డిసెంబర్ 8, ఆదివారం

నాయన ప్రశ్నకు జవాబు తయారైంది. చెప్పడం కాదు, చేసి చూపించాం.

వేప పలక మీద వృత్తాలు చెక్కుతుండగా మెయిన్ ఆపేయమన్నాను. ఆపాడు. మోటార్లు చల్లగా నిలిచిపోయాయి, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద బతికే ఉంది. దాని నుంచే కరెంటు అందే చిప్పు మోటార్లు నిలిచిన సంగతి తెలియక లెక్క పెట్టుకుంటూ పోయింది, సెండర్‌ను ఆపేశాను. ఇప్పుడు చిప్పు లెక్కకూ బిట్టు ఉన్న చోటుకూ పొంతన లేదు. కానీ పలక మూల ఎక్కడుందో మరవలేదు. జీ54 అనే ఆ కొలతలు కరెంటు లేకపోయినా చెరగని మెమరీలో ఉంటాయి, యంత్రపు సొంత మూల నుంచి పలక మూల ఎంత దూరమో. కాబట్టి యంత్రానికి దాని సొంత మూల మళ్లీ చూపిస్తే చాలు. కరెంటు వచ్చాక ముందు జడ్ స్క్రూను చేత్తో తిప్పి బిట్టును చెక్కలోంచి పైకి తీశాం. హోమింగ్ ఇచ్చాం. మూడు ఇరుసులూ పోయి స్విచ్చులను తాకి, వెనక్కి జరిగి, మెల్లగా ఇంకోసారి తాకి నిలబడ్డాయి. ఆగిన లైనుకు కాస్త ముందు నుంచి మొదలుపెట్టమని సెండర్‌కు చెప్పాం. బిట్టు పాత గాడిలోకే దిగింది. నాయన గోటితో అతుకు వెతికాడు. దొరకలేదు.

అంటే హోమింగ్ స్విచ్చులు లేని చవక యంత్రం మా ఊళ్లో సగం యంత్రమే. సాఫ్ట్‌వేరు ఏదైనా సరే, ఆ మూడు స్విచ్చులు లేకపోతే కరెంటు పోయిన పలక పొయ్యిలోకే.

ఇంకో ప్రమాదం నాయనే పట్టుకున్నాడు. కరెంటు తిరిగి రాగానే రూటర్ దానంతటదే గిర్రున తిరిగింది, దాని స్విచ్చు ఆన్‌లోనే ఉంది కదా. ఇరుసులు మాత్రం కదలకుండా నిలుచున్నాయి. మేము స్క్రూ దగ్గర చెయ్యి పెట్టి ఉంటే? "బోరు స్టార్టర్ పెట్టు. కరెంటు పోతే పడిపోతాది, పచ్చ బటన్ నొక్కితే గానీ లేవదు" అన్నాడు. దాని లోపలి కాయిల్‌కు కరెంటు ఆగితే కాంటాక్టులు విడిపోతాయి, మనిషి వచ్చి నొక్కేదాకా అట్లే ఉంటాయి. సాఫ్ట్‌వేరులో నేను వెతుకుతున్న భద్రత తోటలో రేకు పెట్టె లోపల ఉంది. రాత్రి కరెంటుకు తనంతట తానే మోటారు ఆన్ చేసే ఆటో పెట్టె ఒకటి రైతులు స్టార్టర్‌కు తగిలించుకుంటారు. అది మాత్రం దీని దరిదాపులకు రాకూడదు.

డిసెంబర్ 15, ఆదివారం

లేపాక్షి లతా మండపంలో స్తంభాల మీది తీగలు కాగితం మీద గీసుకొచ్చా. ఒక్కో స్తంభానికి ఒక్కో అల్లిక. చీర అంచుల్లోకి ఎప్పుడో ఎక్కినవి. ఇంక్‌స్కేప్‌లో గీతలుగా మార్చా. రాతి మీద శిల్పి ఉలి సందులోకి పోయినంత లోతుగా నా 3 మిల్లీమీటర్ల బిట్టు పోలేదు. తీగ మలుపుల్లో సందులు మూసుకుపోయాయి. ఆ మూలలు నాయన ఉలితో తీశాడు.

డిసెంబర్ 17

నిమ్మలకుంట తోలుబొమ్మలు లేజర్‌తో కోసి అమ్మితే లాభమని ఎవరో అన్నారు. గ్రబల్‌లో $32ని ఒకటి చేస్తే లేజర్ పద్ధతి వస్తుంది, నిజమే. చెయ్యను. మేకతోలును పారదర్శకంగా తీసి, ఒక్కో చుక్కా ఉలితో కొట్టి, దాని వెనక దీపం పెట్టి కథ చెప్పేవాళ్ల చేతిపని అది. 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది ఆ పనికే.

డిసెంబర్ 29, ఆదివారం

నేమ్‌బోర్డు. ఊరి పేరు రాయాలి. ఒక పాత చెక్కుడు సాఫ్ట్‌వేరులో "రొళ్ల" టైపు చేస్తే ళకారం కింద లావొత్తు పడలేదు. పొల్లు పెట్టి, పక్కన ల నిలబడింది. తెలుగు అక్షరాలను కలపడం దానికి తెలియదు. ఇంక్‌స్కేప్‌లో సరిగ్గా వచ్చింది. రామభద్ర ఫాంటు ఎంచుకున్నా, గీత లావు చెక్కకు నప్పుతుంది. అక్షరాన్ని గీతగా మార్చి దాచుకుంటే ఇక ఏ ప్రోగ్రామూ దాన్ని విరగ్గొట్టలేదు.

60 డిగ్రీల వీ బిట్టు. గీత 6 మిల్లీమీటర్ల వెడల్పున్నచోట 5.2 మిల్లీమీటర్ల లోతుకు దిగుతుంది, సన్నబడినచోట తేలుతుంది. అందువల్ల తలకట్టు కొనలు కలంతో లాగినట్టు పదునుగా వచ్చాయి. ళ లోపలి చుట్టు దగ్గర చెక్క పొర లేచింది. అక్కడ వేగం 500కు తగ్గిస్తే నున్నగా తెగింది. కింద కన్నడంలో కూడా ఊరి పేరు. మాకు రెండు లిపులూ కావాలి, శిరాకు పోయే బస్సు బోర్డు మీద ఉన్నట్టే.

2025 జనవరి 12, ఆదివారం

సెలవులు. పిల్లలు కొట్టంలోనే ఉంటున్నారు. పదో తరగతి అమ్మాయి ఒకతె డాలర్ జాబితా చదివి, "సార్, బాల్ స్క్రూ తీసి 8 మిల్లీమీటర్ల లీడ్‌ది పెడితే 320 బదులు 200 రాయాలా?" అంది. అవును, 1600ను ఎనిమిదితో భాగిస్తే అంతే. సూత్రం ఎవరూ చెప్పలేదు, కాగితం చూసి తనే పట్టింది.

ఆ జాబితాను తెలుగులో అర్థాలతో రాయించి, అమరాపురం నుంచి వచ్చే మాస్టారు చేత పక్కనే కన్నడం కూడా రాయించి, గోడకు అతికించాం. కరెంటు పోతే చేయాల్సినవి కింద వరసగా: సెండర్ ఆపు, రూటర్ స్టార్టర్ పడిందో లేదో చూడు, బిట్టు పైకి తియ్యి, హోమింగ్, ఆ తర్వాతే లైను నంబరు.

జనవరి 19, ఆదివారం

నేను మడకశిరకు పోయి వచ్చేసరికి నాయన, ఆ అమ్మాయి, వాళ్ల తమ్ముడు కలిసి ఒక పలక పూర్తి చేశారు. మధ్యాహ్నం కరెంటు పోయిందట. గోడ మీది కాగితం చూసి మళ్లీ ఎత్తుకున్నారట. నన్ను అడగడానికి ఫోను కూడా చేయలేదు.

వచ్చే వారం కావలసినవి: విడి చిప్పులు రెండు, వీ బిట్టు ఒకటి, రంపపు పొట్టు లాగే పైపు. పొట్టు వై ఇరుసు స్క్రూలోకి పోతోంది. రేకు మూత కట్టాలి.